నా ఇప్పచెట్టు కవితకు ముగ్గురు పాఠకులు

బూర్గంపాడు దాటాక అడవి అంచు ఊళ్లో బడిపంతులుగా చేరిన కొత్తలో, సెల్‌ఫోన్ సిగ్నల్ కోసం మనుషులు డాబాలెక్కే రోజుల్లో, నేనొక కవిత రాశాను. నిజానికది కవిత కాదు, పిరికివాడి ప్రేమలేఖ. మా ఊరి దవాఖానాలో నర్సుకు నా మనసులో మాట చెప్పాలి. ఆమె సొంతూరు వైరాకు బదిలీ పెట్టుకుంది, నెలలోపే ఆర్డరు వస్తుందంటున్నారు. ఎదురుగా నిలబడితే మాత్రం జ్వరం గోలీలు తప్ప మరేదీ అడగడానికి నాకు నోరు రాదు.

‘చెట్టు కింద ఊడ్చి కూర్చున్నాను
పువ్వు రాలితే ఏరుకుంటాను
రాలకపోతే నీడలోనే ఉంటాను’

అది ఇప్పపువ్వు రాలే కాలం. ఊళ్లోవాళ్లు చెట్ల కింద ఆకులు ఊడ్చి, పువ్వు కోసం కాచుకోవడం చూసి ఎత్తుకొచ్చిన పోలిక. అబ్బ, ఏం రాశాను అని నాకు నేనే మురిసిపోయాను.

ఇచ్చే ముందు ఇంకొకరికి చూపించడం నా బుద్ధితక్కువ. నేను కిరాయికుండే ఇల్లు ఒక ముస్లిం దర్జీది. పెద్దాయన మెషీన్ ఆపి, కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చదివాడు.

“వాహ్ సార్! మా దుకాణం మీదనే రాసిండ్రు. పెండ్లికి జల్దీ కావాలని కుట్టించుకుంటరు, పిల్లలు పుట్టినా తీస్కపోరు. గట్లనే కూసుంట నేను.”

“కాదు చాచా, ఇది ప్రేమ…”

“అవ్, ప్రేమనే. లేకుంటే గీ మూటలన్నీ ఎందుకు దాస్త?”

ఒళ్లు మండింది. మర్నాడు బడిలో వంటచేసే ఆవిడకు చదివి వినిపించాను. అడవిలో పుట్టి పెరిగిన మనిషి, ఆమెకైనా అర్థం కాదా అని. ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు.

“ఊడ్చినవంటే ఆ చెట్టు నీదన్నట్టే సారూ. ఊడ్చిన చెట్టు కింద ఇంకెవ్వలూ ఏరరు, మా కాడ పద్ధతి గదే. నువ్వేమో అడుక్కుంటున్న అనుకుంటున్నవ్, చెట్టు నాదేనని జబర్దస్తీ చేసినవ్! ఇంతకీ ఎవలా పిల్ల?”

ఎంతో వినయంగా రాశాననుకున్నది ఇంత దౌర్జన్యమా! పేరు నేను చెప్పలేదు. ఊరందరికీ తెలిసిన సంగతి నేను చెప్పేదేముంది? ఆవిడ నా చేతిలోంచి కాగితం లాక్కుని, సాయంత్రం బీపీ గోలీలకు పోతూ నర్సు చేతిలో పెట్టేసింది.

మూడోనాడు నర్సు నన్ను పిలిపించింది. కాగితం బల్లమీద ఉంది.

“మంచిగ రాసిండ్రు సార్. కాన్పులకు రమ్మని ఇల్లిల్లూ తిరుగుత. మంచం దులిపి, దుప్పటి మార్చి కూసుంట. ఒక్కరూ రారు. చదివితే నా సంగతే అనిపించింది.” కాగితం నా వైపు జరిపి అంది, “మీ వంటామె వేరే తీరు చెప్పింది. ఊడ్చిన చెట్టు కింద ఇంకొకరు ఏరరంట కదా. మీరే చెప్పుండ్రి, ఎవరి కోసం రాసిండ్రు?”

ఇంకేం కావాలి నాకు! తలుపు బార్లా తీసి పెట్టింది.

“పేషెంట్ల కోసమేనండి,” అన్నాను. పాఠకులకు బుద్ధి లేదని మూడు రోజులుగా తిట్టుకున్న నోటితోనే అన్నాను.

ఆమె నా ముఖంలోకి ఒకసారి చూసింది. “సరే సార్,” అని లేచి, కాగితాన్ని టీకాల పోస్టరు పక్కన గోడమీద పెట్టి పట్టుకుంది. నాలుగు మూలలకూ జిగురు రాసింది నేనే.

రెండు వారాల్లో వైరా ఆర్డరు వచ్చింది, ఆమె వెళ్లిపోయింది. ఆ తర్వాత ఒంట్లో బాగున్నా లేకున్నా దవాఖానాకు పోయి ఆ గోడ ముందు నిలబడేవాణ్ణి. ఏడుపొచ్చేది. నా ప్రేమను అందులో ఎంత వెతికినా దొరికేది కాదు. ఎన్నిసార్లు చదివినా అది కాన్పుల గురించే ఉండేది.