కాలనీలో కొట్టని తప్పెట

ఎదురింటి అమ్మాయి నిన్న సాయంత్రం మెడలో కొత్త కార్డు వేలాడేసుకుని మా ఇంటికొచ్చింది. ఇక్కడే కుప్పంలో డిగ్రీ చదువుతోంది, సెలవుల్లో రామకుప్పం వైపు పల్లెల్లో గ్రామసభలకు వెళ్ళి చూసి రిపోర్టు రాసే ఇంటర్న్‌షిప్ దొరికిందట, దాన్ని పబ్లిక్ పాలసీ అంటారట. సంతోషపడి చేతిలో ఇంత బెల్లం ముక్క పెట్టాను. అది చప్పరిస్తూనే ఆ పిల్ల ఫోన్లో వాళ్ళ నిబంధనలు చదివి వినిపించింది: గమనించాలి, రాసుకోవాలి, ఎక్కడా జోక్యం చేసుకోకూడదు. ఆ మాట వినగానే నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళయినా ఆ వాక్యానికి చావు రాలేదే! అదే చెప్పి నన్ను పనిలో పెట్టుకున్నారు, అదే చెప్పి తీసేశారు.

మన తరంవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో చదువుకునే ఆడపిల్లకు పార్ట్‌టైమ్ పని అంటే ఇంటి వసారాలో నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టుకుని ట్యూషన్ చెప్పడమే. మదనపల్లెలో టమోటా మార్కెట్టుకు పోయే దారిలో మా నాన్నకు చిల్లర కొట్టు ఉండేది, నేను కాలేజీ నుంచి వచ్చి అందులో పొట్లాలు కట్టేదాన్ని. ఒకరోజు ఒక స్వచ్ఛంద సంస్థవాళ్ళు కాలేజీకి వచ్చి, పల్లెల్లో గ్రామసభలు ఎలా జరుగుతున్నాయో చూసి రాయడానికి విద్యార్థులు కావాలన్నారు. నాన్న వద్దన్నాడు, నాయనమ్మ అస్సలు వద్దంది, కాబట్టి వెళ్ళాను. నా తీరు చిన్నప్పటి నుంచీ అంతే, దానికి ఇప్పుడు సంజాయిషీ ఇచ్చుకునే ఉద్దేశం కూడా లేదు.

నాకిచ్చిన ఊరు పుంగనూరు దగ్గర. బస్సు దిగి చింతచెట్ల నీడన కాస్త నడిస్తే పెద్దవీధి వచ్చేది, ఆ వీధి దాటి, మురుగునీళ్ళు పోయే మోరీ దాటి, ఊరికి ఎడంగా కూలి కుటుంబాల కాలనీ ఉండేది. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. కాలనీ ఆడవాళ్ళు ఎవరో రైతు బావి దగ్గర, ఆయన మోటారు వేసినప్పుడు, ఆయనకు దయ కలిగినప్పుడు, రెండు బిందెలు పట్టుకుని వచ్చేవాళ్ళు. ఆ ఊరికి ఒకే ఒక్క బోరు మంజూరైంది. అది పెద్దవీధిలో వెయ్యాలా, కాలనీలో వెయ్యాలా అన్నది ఆదివారం గ్రామసభలో చేతులెత్తి తేల్చాలి. నేను చూసి రాయాల్సింది ఆ సభ గురించే.

సభకు తప్పెట వేసి చాటడం ఆనవాయితీ. చాటే పెద్దాయన ఆ ఆదివారం పొద్దున్నే గడ్డి మంట వేసి తప్పెట కాచుకుని, పెద్దవీధిలో, బడివీధిలో ఖణేల్ ఖణేల్‌మని కొట్టి చాటి, మోరీ దగ్గరికి రాగానే ఆపేసి తప్పెట చంకకు తగిలించుకున్నాడు. అవతల కాలనీ. ఆయన ఇల్లు కూడా ఆ కాలనీలోనే. అదేమిటి పెద్దాయనా, మీ వీధిలో చాటవా అని అడిగితే ఆయన నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూశాడు.

“మా ఈదిలో యాల కొట్టాల పాపా? మా తాత కొట్టలేదు, మా నాయన కొట్టలేదు. మా ఈదోళ్ళను ఎవురు రమ్మన్నారని?”

ఆయన తప్పు కాదు, ఆ మాట ముందే చెబుతున్నాను. చాటింపు ఊరికి, కాలనీ ఊరు కాదు, అంతే లెక్క. ఆ లెక్క ప్రకారం సభ సక్రమంగా జరిగిపోతుంది, బోరు పెద్దవీధిలో పడుతుంది, సభ ఘనంగా జరిగిందని నేను రాయాలి. నా వల్ల కాలేదు. చాటమని బతిమాలాను, సర్పంచి చెప్పందే చాటడానికి లేదన్నాడు. అయితే ఇటివ్వు అని ఆయన చంకలోని తప్పెట లాక్కుని నా భుజానికి వేసుకుని మోరీ దాటేశాను. చిల్లర కొట్టు శెట్టిగారి కూతురు తప్పెట భుజాన వేసుకోవడమా! అయ్యో రామా అని పెద్దవీధి అరుగుల మీద వాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టారు.

తప్పెట కొట్టడం చూసినంత సులువు కాదు. చెయ్యి తిరగక ఆగి ఆగి, ఒక్కో దెబ్బా విడిగా కొట్టుకుంటూ పోయాను. పల్లెల్లో పెరిగినవాళ్ళకు తెలుస్తుంది, చాటింపు దెబ్బ వేరు, చావు దెబ్బ వేరు. పొట్లాలు కట్టే చేతికి ఆ తేడా ఏం తెలుస్తుంది? రెండిళ్ళు దాటేసరికి ఆడా మగా పిల్లా జెల్లా అందరూ ఎవురు పొయినారు, ఎవురు పొయినారు అంటూ వీధిలోకి పరుగెత్తుకొచ్చారు. ఒకావిడ అప్పుడే రాగాలు మొదలుపెట్టింది. వెనకనుంచి పెద్దాయన రొప్పుకుంటూ వచ్చి తప్పెట లాక్కున్నాడు.

“ఇట్ల కొడితే సావుకి కొట్టినట్లుండాది కద పాపా! బతికుండేటోళ్ళను సంపేస్తాండావే!”

నవ్వారు చూడండి జనం, ఆ ఏడుస్తున్న ఆవిడ కూడా. నాకు సిగ్గేసింది గానీ నేనూ నవ్వాను. ఆ నవ్వుల మధ్య పెద్దాయన ఒక్క క్షణం తన తప్పెట వంక చూసుకున్నాడు. తర్వాత, నేను అడగకుండానే, చాటింపు దెబ్బ వేసి, సభ ఉందని, బోరు సంగతి తేలుస్తారని, అందరూ రావాలని తన వీధిలో తానే గొంతెత్తి చాటాడు.

సభ సర్పంచి ఇంటి వసారాలో. కాలనీవాళ్ళు ఆ వాకిలి లోపలికి అడుగుపెట్టే అలవాటు లేదు, వచ్చినవాళ్ళంతా వీధిలోనే నిలబడిపోయారు. లోపలున్నవాళ్ళు చేతులెత్తబోయారు. వీధిలో ఉన్నవాళ్ళవి చేతులు కావా అని నేను గట్టిగానే అడిగాను. పుస్తకంలో రాసుకోమ్మా, నీకెందుకు అన్నాడు లోపలినుంచి ఎవరో. అప్పుడు ఇందాక రాగాలు తీసిన ఆవిడ వాకిట్లోకి వచ్చి నిలబడింది.

“ఎవురూ సావలేదంట. ఈ ఎండకు నీళ్ళు లేకపోతే మేమే సస్తాము. బోరు యాడ ఏస్తారో మా ముందర సెప్పండి సామీ.”

మండలం నుంచి వచ్చిన అధికారి మంచివాడో, భయపడ్డాడో నాకు తెలీదు, కుర్చీ ఎత్తించి వీధిలో వేయించుకున్నాడు. చేతులు లేచాయి. ఎక్కడ చూసినా చేతులే. బోరు కాలనీకి వెళ్ళింది.

మర్నాడే సంస్థవాళ్ళు నన్ను పిలిచి, చూడమని పంపితే చాటడానికి వెళ్ళావా అని పంపించేశారు. మంచిదే పొమ్మన్నాను. ఇంటికి కబురు నాకంటే ముందే చేరింది. నాయనమ్మ పెరట్లో నీళ్ళు తోడిపెట్టి, తప్పెట ముట్టుకున్నావు, తలకు పోసుకునిగానీ గడప తొక్కొద్దంది. నేను పోసుకోలేదు, గడప తొక్కాను. నాన్న ఒక్క మాట అనలేదు, ఆ తర్వాత ఒక్క మాట మాట్లాడలేదు కూడా. ఒకే కొట్టులో పక్కపక్కన నిలబడి తండ్రీకూతుళ్ళం మాటల్లేకుండా పప్పులు తూచాం. అది మాత్రం నాకు చాలా కష్టమైంది, నిజం చెబుతున్నాను.

ఆ ఎండాకాలం పోకముందే, ఆ రోజు రాగాలు తీసిన కాలనీ ఆవిడ మార్కెట్టుకు టమోటా తట్టలతో వచ్చి, కొట్టు వెతుక్కుంటూ వచ్చి, బేరాలకొచ్చిన జనం మధ్య నిలబడి, నీళ్ళు పడినాయి పాపా, తియ్యగుండాయి అని కేకేసింది. నేను బల్ల దాటి వెళ్ళి ఆమె చేతులు పట్టుకున్నాను. కాసేపటికి తిరిగి చూస్తే నాన్న మేము తాగే స్టీలు గ్లాసులో కుండ నీళ్ళు ముంచి ఆమెకు అందిస్తున్నాడు. ఆమె నవ్వి చెయ్యి అడ్డం పెట్టింది.

“నీళ్ళకేముండాది లేప్పా, ఇప్పుడు మాకూ ఉండాయి. ఉంటే రెండు ఆకులు, ఒక వక్క ఇయ్యి.”

నాన్న ఆకూ వక్కా ఇచ్చాడు. ఆ గ్లాసు నా చేతికిచ్చి, ఎండలో తిరగబాక, తాగు అన్నాడు. ఎన్నాళ్ళకో నాతో అన్న మొదటి మాట అది.

ఇప్పుడు సభ ఉందని ఫోన్లకు మెసేజ్ పోతుంది, పెద్దవీధి, కాలనీ అని తేడా లేదు. చాలా మంచిది, ఆ రోజులే బాగుండేవని నేనెన్నటికీ అనను. కానీ ఒకప్పుడు పిలవక రానివాళ్ళు ఇప్పుడు పిలిచినా రావడం లేదు. ఖాళీ కుర్చీలకు ఫొటో తీసుకుని సభ అయిందనిపిస్తున్నారు. ఆ కుర్చీలను గమనించి రాసే పనికి తెలివైన పిల్లల్ని పెట్టి, మీరు నోరెత్తకూడదని మెడకు కార్డు కడుతున్నారు. వెళ్ళబోతూ ఎదురింటి పిల్ల, మీకు సర్టిఫికెట్ ఇచ్చారా ఆంటీ అని అడిగింది. ఇవ్వలేదమ్మా, తీసేశారు, నువ్వూ ఒకసారి తీసేయించుకో, బాగుంటుంది అన్నాను.