రాజమండ్రిలో హెడ్‌సెట్, మర్యాదలతో సహా

కొండలెక్కే సైకిలు మండపేటలో ఎందుకని అడగకండి. మా ఊళ్లో ఎక్కడానికి ఉన్నదల్లా కాలవగట్టు. నా భార్య సుజాత ఆ గట్టు మీద ఆ సైకిలు తొక్కుకుంటూనే రోజూ బడికి వెళ్లి పాఠాలు చెప్పొస్తుంది. పోయినవారం హ్యాండిలు ఉన్నట్టుండి బిగుసుకుపోయింది. ముందుచక్రం నీళ్ల అంచుదాకా వెళ్లి ఆగింది. హ్యాండిలు తిరగడానికి ఫ్రేములో పైనా కిందా ఉండే కప్పులూ బేరింగులూ, అంటే హెడ్‌సెట్, అరిగిపోయాయట. మా ఊరి మెకానిక్ పాత కప్పులు ఊడదీసి నా చేతిలో పెట్టాడు గానీ, కొత్తవి మా ఊళ్లో దొరకలేదు. సోమవారం బడికి సైకిలు కావాలి.

శనివారం ఏడున్నర బస్సెక్కాను. సైకిలుకి ముందుచక్రం ఊడదీసి వెనక సీటు పక్కన ఇరికించాను. కండక్టరు లగేజీ టికెట్టు కొడుతూ, "ఇది మిమ్మల్ని మోసేదాండి, మీరు దీన్ని మోసేదాండి?" అన్నాడు. బస్సంతా నవ్వింది. కడియంలో ఎక్కిన పెద్దావిడ గులాబీ కుండీ నా ఒళ్లో పెట్టి, "కాస్త పట్టుకోండి బాబూ, మీకు సామాను అలవాటేగా" అన్నారు.

తొమ్మిదింటికి రాజమండ్రిలో దిగి మొదటి సైకిలు షాపులో అడిగాను.

"ఉందండి, కూర్చోండి."

కాఫీ వచ్చింది. మా వైపు 'లేదు' అనడం పరమ అమర్యాద. అరగంటకి ఆయన లోపల్నుంచి మోటారుసైకిలు బేరింగు తెచ్చి, "ఇది సరిపోదేమోనండి" అన్నాడు. రెండో షాపులో కూడా ఉందన్నారు. ఉన్నది టీ. మూడో షాపులో మాత్రం నిజంగానే హెడ్‌సెట్ ఉంది, పైగా రెండు రకాలు.

"గట్టు మీద దుమ్మూ, వానాకాలం బురదా అంటున్నారు. విడి గోళీలవి వద్దండి, మూసిన బేరింగు తీసుకోండి" అన్నారు ఆ షాపు మేస్త్రి గారు. జేబులోని పాత కప్పు పక్కన పెట్టి చూశాం. కొలత సరిపోయింది.

ఆయన కొత్త కప్పుల మీద చెక్కముక్క అడ్డుపెట్టి సుత్తితో దించారు. కింది కప్పు ఒక పక్క ఆనింది, రెండో పక్క గోరు దూరేంత సందు. నాకు స్పష్టంగా కనిపించింది.

"ఎలా ఉందండి?" అన్నారు.

అప్పటికే వాళ్లింటి ఉప్మా నా కడుపులో ఉంది.

"చాలా బాగుందండి" అన్నాను.

బస్టాండుకి నడిపించుకెళ్తుంటే హ్యాండిలు ఒకచోట పట్టేసింది. ప్లేటు ఉప్మా మొహమాటానికి పెళ్లాన్ని కాలవలోకి తోయబోతున్నానన్నమాట. నా మీద నాకే అసహ్యమేసింది. వెనక్కి తిరిగాను.

"మేస్త్రి గారూ, కింది కప్పు వంకరగా దిగిందండి."

ఆయన హమ్మయ్య అన్నట్టు ఊపిరి వదిలారు. "నాకూ అప్పుడే అనిపించిందండి. మీరు బాగుందన్నాక కాదంటే ఏం బాగుంటుందని ఊరుకున్నానండి."

ఈసారి సుత్తి తీయలేదు. ఫ్రేము గొట్టంలోంచి పొడవాటి బోల్టు దూర్చి, దానికి రెండు చివరలా వాషర్లు వేసి బిగిస్తే కప్పు తిన్నగా కూర్చుంది.

రెండింటి బస్సుకి తిరుగు ప్రయాణం. మీలో ఎవరైనా ఇదే పని మీద వెళ్తే అన్నం కట్టుకెళ్లకండి, ఆకలితో ఎవరూ ఉండనివ్వరు. తప్పుని తప్పనేంత మోటుతనం మాత్రం ఇంటి నుంచే పట్టుకెళ్లాలి, అక్కడ దొరకదు.

సాయంత్రం సుజాత సైకిలు మీద వీధి చివరిదాకా వెళ్లొచ్చి, "చాలా బాగుందండీ" అంది.

ఉప్మా తిని నేనన్న మాట కూడా అదే. ఆమెను దిగమని, ముందుచక్రం మోకాళ్ల మధ్య ఇరికించి, హ్యాండిలు నేనే తిప్పి చూశాను.