‘గట్ల’ వినడానికి అల్ఫారెట్టా వెళ్లాను

నాకు చదువు అంతంతమాత్రం. నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. మా మనవరాలు షారన్ కొత్త ఆల్బం బయటికి రాకముందే వినిపిస్తానంటే మేముండే మోరిస్‌విల్ నుంచి అట్లాంటా పక్కనున్న అల్ఫారెట్టా వెళ్లి వచ్చాను. షారన్ పాడేది గ్రైమ్. లండన్‌లో పుట్టిన పాట. తాళం పరుగెత్తుతుంటే మాటలు దాన్ని తరుముతూ పోవాలి. అలా మాటలు విసిరేవాళ్లను ఎమ్సీ అంటారు.

శనివారం పొద్దున్నే మా పక్క ఊరు డర్హాంలో బస్సెక్కాను. టికెట్టు మా అమ్మాయి ఫోన్‌లోనే బుక్ చేసింది. వెళ్లేవాళ్లు శాలువా పట్టుకెళ్లండి, ఏసీ ఎముకలు కొరికేస్తుంది. పక్క సీట్లో ఒక తెలుగు పిల్ల కూర్చుంది. ఎందుకెళ్తున్నానో చెప్పాను.

"గ్రైమా? అవి మీరు వింటారా ఆంటీ?"

"వినడమేంటమ్మా, దాని మొదటి ఆల్బంలో సగం తిట్లు నావే."

నిజమే. మా ఆయన ఈ దేశంలోనే పోయాడు. ఆ తర్వాత నేను అమ్మాయి దగ్గరే ఉండిపోయాను. షారన్ నా ఒళ్లోనే మాటలు నేర్చింది. "అట్టా కాదే, ఇట్టా" అని నేను దిద్దుతుంటే, ఆ ‘అట్టా’ పట్టుకుని మొదటి ఆల్బం అంతా గెంతింది. అందులో అర్థం తక్కువ, కేకలెక్కువ. అయినా నాది.

మధ్యాహ్నం షార్లెట్‌లో బస్సు ఆగితే డబ్బాలోని పులిహోర తిన్నాను. సాయంత్రం అట్లాంటాలో దిగేసరికి షారన్ కారు తెచ్చింది. అల్ఫారెట్టాలో విజయ అనే వరంగల్ ఆవిడ ఇంటి బేస్‌మెంట్‌లో అది అద్దెకుంటోంది. విజయ జొన్న రొట్టెలు, కోడికూర పెట్టింది. కూర బాగుంది. అదే నాకు నచ్చలేదు.

తిన్నాక ముగ్గురం బేస్‌మెంట్‌లో కూర్చున్నాం. మొదటి పాటలోనే షారన్ గొంతు: "గట్లెందుకు చూస్తవ్ సారూ, గట్లెందుకు నవ్వుతవ్?" విజయ పెదాలు దాంతోపాటే కదులుతున్నాయి. నాకన్నా ముందే విన్నదన్నమాట. నా ఒళ్లు మండింది.

"మా పిల్ల మంచిగ చెప్పింది గదా, పెద్దమ్మా?" అంది విజయ.

మా పిల్లట.

వరసగా నాలుగు పాటల్లో విజయ ‘గట్ల’, నా ‘అట్టా’ ఒక్కటీ లేదు. ఒప్పుకోవాలి, పిల్ల ఎదిగింది. ఇదివరకు పది మాటల్లో అరిచేది, ఇప్పుడు ఒక్క మాటతో గుచ్చుతోంది. ఊపిరి ఎక్కడ ఆపాలో తెలిసింది. అయిదో పాట వాళ్ల తాతయ్య పోయిన రోజు గురించి. తాళం టక్కున ఆగింది. "అమ్మమ్మ ఏడవలేదు. అట్టా గిన్నెలు తోమాడు."

తోమింది అనాలి. ఆడవాళ్లకీ ‘డు’ తగిలించడం దానికి చిన్నప్పటి నుంచీ అలవాటు. దిద్దబోయాను. కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకోవాల్సొచ్చింది. విజయ నా వైపు చూసి నీళ్లిచ్చింది. ఆ నీళ్లు కూడా అయిష్టంగానే తాగాను.

ఆదివారం మధ్యాహ్నం తిరుగు బస్సు. బస్సు దగ్గర షారన్ కారు ఆపి అడిగింది: "తప్పులుంటే చెప్పు అమ్మమ్మా. నెక్స్ట్ వీక్ లాక్ చేస్తా, ఇంక మార్చలేను."

"‘తోమాడు’ ఉంచు. ‘గట్ల’ తీసెయ్."

స్టీరింగ్ మీద తల పెట్టుకుని నవ్వింది. "విజయ ఆంటీ ‘అట్టా’ తీసెయ్యమన్నాడు."

"ఎప్పుడు?"

"మార్నింగ్. నువ్వు స్నానంలో ఉన్నావ్."

"మరి నువ్వేమన్నావే?"

"నా పాట, రెండూ ఉంటాయ్ అన్నా."

ఆల్బం మొత్తంలో నాది ఒక్క ‘అట్టా’. దాని మీద కూడా ఆవిడ కన్ను పడింది. పడనీ, పిల్ల తియ్యదుగా. బస్సెక్కి శాలువా కప్పుకున్నాను. షార్లెట్ దాటేదాకా హాయిగా నిద్రపోయాను.