డ్యూటీ మారే ఇరవై నిమిషాలు

మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ మారేటప్పుడు ఆ మానసిక వైద్యశాల మగవాళ్ల వార్డులో ఇరవై నిమిషాల పాటు ఒక్క నర్సు కూడా కనిపించదు. దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ అందరూ అద్దాల గదిలోకి వెళ్లి, తలుపేసుకుని, రిజిస్టరు చదువుకుంటారు. బయట నలభై రెండు మంచాలు, ఇద్దరు అటెండర్లు.

సరిగ్గా అప్పుడే గడియారం తాత వచ్చి అద్దం మీద అరచేత్తో కొడతాడు. ఆయనకి కావలసింది టైము. "టైమెంతమ్మా?" అని రోజుకు వందసార్లు అడుగుతాడు, ఎవరో ఒకరు చెబితే వెళ్లి కూర్చుంటాడు. తలుపు మూసి ఉంటే చెప్పేవాళ్లుండరు. కొట్టడం పెరుగుతుంది, అటెండర్లకు విసుగొస్తుంది, గుడ్డపట్టీలతో మంచానికి కట్టేస్తారు. రిజిస్టరులో మాత్రం 'రోగి ఉద్రేకపడ్డాడు' అని ఎక్కుతుంది. టైమడిగాడని ఎక్కడా ఉండదు.

ఈ సంగతి పట్టుకున్నది చీటీలక్క. పంతొమ్మిదేళ్ల సర్వీసున్న నర్సు. మందుల అట్టపెట్టెలు చింపి జేబులో పెట్టుకోవడం, కంటపడ్డదల్లా వాటి వెనక రాసుకోవడం ఆమె అలవాటు. పేరు అలా వచ్చింది. ఎనిమిది నెలలు, ఎవర్ని ఎన్నింటికి కట్టారో రాసింది. తను లేని డ్యూటీల్లో తోటివాళ్ల ప్రాణం తీసి మరీ రాయించింది. మొత్తం నూట పన్నెండు చీటీలు తేలాయి. డ్యూటీలు మారే మూడు ఇరవైలూ కలిపితే రోజుకు ఒక గంట. ఆ ఒక్క గంటలోనే డెబ్బై ఒకటి. మిగతా ఇరవై మూడు గంటలకూ కలిపి నలభై ఒకటి.

ఆ వార్డులో అద్దాల గది మొదటినుంచీ ఉన్నది కాదు. పెద్ద సిస్టరు ఉన్న రోజుల్లో డ్యూటీ అప్పగించడం మంచాల దగ్గరే జరిగేది. ఆమె మంచం మంచానికీ నడుస్తూ, రోగి మొహం చూస్తూ, "ఈయన పొద్దున సగమే తిన్నాడు. ఏమయ్యా, నేను చెప్పేది నిజమేనా?" అని అడిగేది. ఆమె రిటైరయ్యాక గోప్యత అన్నారు, గది కట్టారు. ఆమె పోయాక నర్సులూ పాత రోగుల కుటుంబాలూ చందాలేసుకుని, ఆమె పేరు మీద స్మారక పరిశోధన గ్రాంటు పెట్టించారు. మానసిక వైద్యంలో పనిచేసే నర్సుల కోసం. ఆ గ్రాంటు అడగబోతున్న చీటీలక్క కోరిక ఒకటే: ఆర్నెల్లు మళ్లీ మంచాల దగ్గర డ్యూటీ అప్పగించి చూడనివ్వండి, కట్టడం తగ్గుతుందో లేదో తేలుస్తాను.

ఆదివారం కూతురు కంప్యూటర్ ముందు కూర్చుని దరఖాస్తు తెరిచింది.

"అమ్మా, ముఖ్య పరిశోధకుల హోదా అట. లిస్టులోంచి ఒకటి ఎంచుకోవాలి. ప్రొఫెసరు, డాక్టరు, పీజీ విద్యార్థి, ఇతరులు."

"నర్సు?"

"లేదు."

"సరిగ్గా చూడవే."

"ఉన్నవే నాలుగమ్మా. ఇంక ఎంత సరిగ్గా చూడను?"

"నర్సు పేరు మీద, నర్సుల చందాతో, నర్సుల కోసం పెట్టినదాంట్లో నర్సు లేదా!"

చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్న భర్త, బస్సు డ్రైవరు, తలెత్తకుండా అన్నాడు: "ఇతరుల్లో పడేయవే. ఎక్కడికెళ్లినా మనం అదేగా."

"మీరూరుకోండి," అంది చీటీలక్క. పడేయక మాత్రం తప్పలేదు.

మర్నాడు కుర్ర డాక్టరు వరండాలో ఎదురొచ్చాడు. "సిస్టర్, మీ చీటీలు నాకిచ్చేయండి. నా పేరు మీద పెడితే తేలిగ్గా వస్తుంది. మీ పేరు కృతజ్ఞతల్లో వేస్తాను."

"చిట్టచివర, చీమ తలకాయంత అక్షరాల్లోనా? వద్దులెండి డాక్టరుగారూ, నాకసలే చత్వారం."

ఇంటర్వ్యూ గదిలో గోడమీద పెద్ద సిస్టరు ఫోటో ఉంది. దాని కింద ఐదుగురు కూర్చున్నారు, నలుగురు డాక్టర్లు, ఒక పరిపాలనాధికారి. ఆ వరసలో నర్సంటే ఫోటోలో ఉన్నదొక్కతే. చైర్మన్ ఒక చీటీని రెండు వేళ్లతో ఎత్తి చూశాడు.

"ఏంటమ్మా ఇది, మాత్రల డబ్బానా?"

"వెనక్కి తిప్పండి సార్."

తిప్పలేదు. "సరే, మీరు పరిశోధనంటూ కూర్చుంటే రోగుల్ని ఎవరు చూస్తారు?"

"నేనూ అదే అడుగుతున్నాను సార్. రోజుకు మూడుసార్లు ఇరవై నిమిషాలు వాళ్లని ఎవరు చూస్తున్నారు?"

పరిపాలనాధికారి దగ్గాడు. చైర్మన్ ఆమెకు థాంక్స్ చెప్పి, తర్వాతివాళ్లని పిలవమన్నాడు.

మూడు వారాల తర్వాత నోటీసు బోర్డులో ఫలితం పెట్టారు. గ్రాంటు కుర్ర డాక్టరుకు. అంశం: మానసిక వైద్య నర్సులలో పని ఒత్తిడి. నర్సుల గురించే కదా, ఇంకేం కావాలి అనుకున్నారు కాబోలు. ఆ వారంలోనే ప్రశ్నల కాగితాలు వార్డుకు దిగాయి, మనిషికి నలభై ప్రశ్నలు. పదకొండోది ఇలా ఉంది: మీ పనికి తగిన గుర్తింపు లభిస్తోందని భావిస్తున్నారా? ఒకటి నుంచి ఐదు లోపు గుర్తించండి.

చీటీలక్క కాగితాలను నీట్‌గా మడిచి, మడతల వెంట చింపింది. వెనకవైపు తెల్లగానే ఉంది. ఆ ముక్కలు జేబులో వేసుకుని, రెండింటికి అద్దాల గదిలోని రిజిస్టరు చంకన పెట్టుకుని బయటికి నడిచింది.

"రండర్రా, మంచాల దగ్గరికి."

"మెమో ఇస్తారక్కా," అంది డ్యూటీ ఎక్కుతున్న కొత్త నర్సు.

"ఇవ్వనీ. దాని వెనకా ఖాళీ ఉంటుందిగా."

మొదటి మంచం దగ్గరే గడియారం తాత లేచి నిలబడ్డాడు. "టైమెంతమ్మా?"

"రెండూ అయిదు తాతా. పొద్దున మీరెంత తిన్నారో ఈ అమ్మాయికి చెప్పండి."

మెమో ఇరవై ఆరో రోజున వచ్చింది: నిబంధనలకు విరుద్ధంగా విధులు అప్పగించుచున్నందున మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెను. ఆమె మూడు రోజులు ఆగలేదు, ఆ సాయంత్రమే రాసిచ్చింది: మంచాల దగ్గర అప్పగించడం మొదలుపెట్టక ముందు ఇరవై ఆరు రోజుల్లో రెండింటి డ్యూటీ మారేటప్పుడు మా వార్డులో కట్టింది ఆరుసార్లు. ఈ ఇరవై ఆరు రోజుల్లో ఒక్కసారి.