అమ్మ డాక్టరుగారు

ఆయన్ను తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు మండుతుంది. అల్లూరులో అమ్మ షుగరు జబ్బుకు మందిచ్చిన డాక్టరుగారు నాడి పట్టుకోకముందే, "పొద్దున ఏం తిన్నావు పెద్దమ్మా?" అని అడిగేవారు. బిళ్ళలు పనిచేయడం లేదు, కాలి పుండు మానడం లేదు. అయినా ఇన్సులిన్ మాటెత్తితే, "ఇంకొన్నాళ్లు చూద్దాం" అనేవారు. ఆయనకు ధైర్యం లేదనుకున్నాను.

ఒకరోజు చంటిబిడ్డను చంకనేసుకుని, అమ్మను వెంటబెట్టుకుని వెళ్లి గట్టిగా అడిగాను.

"ఆ సూది వేసినాక తినకుంటే మనిషి స్పృహ తప్పి పడిపోతుందమ్మా. ప్రాణమే పోవచ్చు. మీ అమ్మ ఉపవాసాలుంటుందా?"

"లేదండీ, ఎప్పుడో మానేసింది. నాకు ఒట్టేసి చెప్పింది."

ఆయన అమ్మ వైపు చూశారు. అమ్మ తల వంచుకుంది.

"శనివారాలు ఉంటాండానయ్యా. ఈ పిల్లకు తెలిస్తే గోల చేస్తాదని చెప్పలా."

నేను ఎన్నిసార్లు బతిమాలినా, ఏడ్చినా చెప్పని నిజం ఆయన ఒక్క చూపు చూడగానే చెప్పేసింది.

"దేవుడికి నేను సర్దిచెప్పుకుంటాలే పెద్దమ్మా. తింటావా మరి?"

అమ్మ నవ్వింది. "మీరు తినమంటే తింటానయ్యా."

ఆ శనివారం ఆయనే ఇంటికొచ్చి మొదటి సూది వేసి, అమ్మ తినేదాకా కదలకుండా కూర్చున్నారు. అమ్మ మెతుకు మిగల్చకుండా తిని, చిన్నపిల్లలా ఖాళీ కంచం ఎత్తి ఆయనకు చూపించింది. వండి వడ్డించిన నేను గరిటె పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాను.