తప్పు తోకుజి గారిది కాదు

తోకుజి గారి కారు ట్రాక్ దాటి కంకరలో పడిన ప్రతిసారీ తప్పు ఇంకెవరిదో అయ్యుండేది. ఒకసారి మిడతది. ఒకసారి మేఘానిది. ఒకసారి ఆయన భార్య ఫుసాయె గారు పొద్దున పులుసులో ముల్లంగి ఎక్కువ వేశారు కాబట్టి ముల్లంగిది. ఆయన చేతిదీ కాలిదీ మాత్రం ఏనాడూ కాదు. ఫుకుషిమా కొండల్లో, కార్లను మలుపుల్లో కావాలనే పక్కకు జారిస్తూ నడిపే కుమనోసె ట్రాక్‌కి వచ్చే జనంలో సగంమంది కార్లు చూడ్డానికి వస్తే, మిగతా సగం ఆ రోజు సాకు ఏమిటో వినడానికి వచ్చేవారు.

వాళ్లంతా సోమవారమే వచ్చేవారు. తోకుజి గారిది సెలూన్. సోమవారం సెలూన్లకు సెలవు. ఆయనకు గడ్డం గీసే కత్తి ఇస్తే పీచ్ పండు మీది నూగైనా గాటు పడకుండా తీసి పెట్టేవారు. అంత నిలకడైన చెయ్యి స్టీరింగ్ మీదికి వెళ్లగానే ఎందుకలా తడబడుతుందో ఊళ్లో ఎవరికీ అంతుబట్టలేదు. అంతుబట్టలేదనే అందరూ చెప్పేవారు.

మినెకోకి కూడా అంతుబట్టలేదు. ఆమె ఆ ఊరి కొండదారి బస్సు డ్రైవరు. ఆమె బస్సులో ముసలమ్మలు నిండు టీ కప్పు పట్టుకుని కూర్చున్నా చుక్క ఒలకదని పేరు. అలాంటి మనిషి ఒక చలికాలం మంచు పేరుకున్న మలుపు తిప్పుతుంటే బస్సు వెనక భాగం పక్కకు జారింది. ముసలమ్మలు కెవ్వుమన్నారు. మినెకో స్టీరింగ్ ఎదురు తిప్పి బస్సును దారిలోకి తెచ్చింది. అందరూ ఆమెను మెచ్చుకున్నారు. జారుతున్న ఆ కాసేపూ తనకు భయం వెయ్యలేదని, పైగా బ్రహ్మాండంగా ఉందని ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే ఉద్యోగం ఊడుతుంది. మంచు కరిగేసరికి పాత సిల్వియా కారు ఒకటి కొనుక్కుని, సెలూన్ వెనక తోకుజి గారు కార్లు బాగుచేసే షెడ్డు ముందు ఆపింది.

"మాష్టారూ, దీన్ని జారేలా చెయ్యాలి."

తోకుజి గారు సబ్బు నురగ అంటిన చేతులతోనే కారు కిందికి దూరారు. లోపల కుర్చీలో ఎవరో పెద్దమనిషి సగం గడ్డంతో ఎదురుచూస్తున్నాడు.

"వెనక చక్రాలు రెండూ కలిసిలేవమ్మా," అని కింద నుంచి వినిపించింది. "మలుపులో ఒకటి ఊరికే తిరిగి అలిసిపోతుంది, రెండోది కూర్చుని చూస్తుంది. రెంటినీ కలిపి కట్టెయ్యాలి. స్ప్రింగులు గట్టివి వెయ్యాలి. ముందు చక్రాలు ఇంకా పక్కకు తిరిగేలా చెయ్యాలి."

"ఇంజన్‌కి బలం పెంచరా?"

"ముందు సీటు మార్చాలి. ఇది సోఫా. కారు జారుతుంటే మీరూ జారితే ఎవరు ఎవర్ని పట్టుకుంటారు?"

"ఏమండీ!" ఫుసాయె గారు లోపల్నుంచి కేకేశారు. "ఇక్కడ ఆయన మొహం మీద నురగ ఆరిపోతోంది!"

"కాసిని నీళ్లు చల్లు!"

"చల్లడానికి ఆయనేమైనా తొట్టిలో మొక్కా?"

చేతి బ్రేకు గుండీని తోకుజి గారు పీకేశారు. లాగితే చక్రాలు బిగుసుకోవాలి, వదిలితే వెంటనే వదిలెయ్యాలి, మధ్యలో ఎక్కడా పట్టేసుకోకూడదు. ముందుకు మంచి టైర్లు, వెనక్కి అరిగిన టైర్లు వేశారు. "తగలబెట్టడానికి కొత్తవెందుకు?" అన్నారు. ఈ పనంతా పూర్తయ్యేలోగా ఊళ్లో చాలామంది మగవాళ్లు ఒక చెంప నున్నగా, ఒక చెంప గరుగ్గా తిరిగారు.

తర్వాత పాఠం. షెడ్డు పక్క ఖాళీ స్థలంలో నీళ్లు కొట్టి, మధ్యలో ఒక ప్లాస్టిక్ శంకువు పెట్టి, దాని చుట్టూ జారుతూ తిరగమన్నారు. క్లచ్ నొక్కి ఇంజన్‌ని గట్టిగా అరిపించి టక్కున వదిలితే కారు వెనక భాగం పక్కకు తన్నుకుంటుంది. అక్కడిదాకా బాగానే ఉండేది. తన్నుకోగానే మినెకో కాలు దానంతటదే యాక్సిలరేటర్ మీంచి లేచిపోయేది. కారు బుద్ధిగా నిలబడిపోయేది.

"బస్సులో ఎంతమంది ఉన్నారమ్మా?" అనేవారు కిటికీ దగ్గరికొచ్చి.

"ఎవరూ లేరు మాష్టారూ."

"మరి ఎవరి టీ ఒలుకుతుందని ఆ కంగారు? కాలు తియ్యకండి. స్టీరింగ్‌ని వదిలెయ్యండి, అదే తిరుగుతుంది. సరైన చోట పట్టుకోండి."

"సరైన చోటని ఎలా తెలుస్తుంది?"

"పట్టుకున్నాక తెలుస్తుంది."

ఆ శంకువు ఆయన నెత్తిన బోర్లించాలనిపించేది మినెకోకి.

సాధన గురించీ తపస్సు గురించీ మా మేయరు ఏటా ఒక ప్రసంగం చేస్తాడు. తోకుజి గారు ఆ ప్రసంగంలో మొదటి వరసలో కూర్చుని గురక పెడతారు. ఆయన పాఠంలో తపస్సేమీ లేదు. మినెకో బట్టల నిండా బురద, ఫుసాయె గారు కంచాల్లో పెట్టి పంపే ఉప్పద్దిన అన్నం ముద్దలు, ఆరిపోయిన నేల మీద మళ్లీ నీళ్లు. అలా తడిపీ తడిపీ ఒక రోజు శంకువు చుట్టూ పూర్తి గుండ్రం తిరిగేసి, మినెకో కారు దిగకుండా అక్కడే కూర్చుని చాలాసేపు నవ్వుకుంది.

కుమనోసెలో ఒక రివాజు ఉంది. ట్రాక్ దాటి కంకరలో పడ్డవాళ్లు, బయటికొస్తూ చక్రాలతో లాక్కొచ్చిన రాళ్లనూ మట్టినీ వాళ్లే ఊడ్చాలి. ఎర్రజెండా ఊపి అన్ని కార్లూ ఆపేస్తారు. అందరూ గట్టు మీంచి చూస్తుండగా వెదురు చీపురుతో ఊడ్చి, అన్ని వైపులకూ నడుము వంచి క్షమాపణ చెప్పుకోవాలి. రాళ్ల మీద వెనకొచ్చేవాళ్లు జారకూడదని పెట్టిన నియమం అది, మంచిదే. కానీ ఎంత మంచి నియమమైనా చీపురు పట్టుకున్నవాళ్ల చెవులు ఎర్రబడకుండా ఆపలేదు.

మినెకో ట్రాక్ ఎక్కిన మొదటి సోమవారమే, మొదటి మలుపులోనే కారు బొంగరంలా తిరిగి కంకరలో పడింది. గట్టు మీద ఆమె బస్సు ముసలమ్మలు అన్నం డబ్బాలు విప్పుకుని వరసగా కూర్చుని ఉన్నారు.

"ఏమ్మా డ్రైవరమ్మా, ఇది స్టాపేనా? దిగమంటావా?"

మినెకో చీపురందుకుంది. తల ఎత్తలేదు. సాయంత్రానికి కారు అమ్మేద్దామని తీర్మానించేసుకుంది. అప్పుడు, జెండా చూసి నెమ్మదించిన కార్లలోంచి ఒకటి ఉన్నట్టుండి గిర్రున తిరిగి, ఆమెకు బాగా ఎడంగా, కంకరలోకి వెనక్కి దిగబడింది. తలుపు తీసుకుని తోకుజి గారు చేతులూపుతూ దిగారు.

"కప్ప! కప్ప అడ్డొచ్చింది!"

"ఇంత ఎండలో కప్పెక్కడిదండీ?" ట్రాక్ మేనేజరు హొరికావా మైకులో అడిగాడు.

"అదే మరి! దారి తప్పింది పాపం!"

గట్టంతా ఘొల్లుమంది. ముసలమ్మల్లో ఒకావిడకు అన్నం పొలమారింది. మినెకో వైపు చూసేవాళ్లే లేరు. తోకుజి గారు ఇంకో చీపురు పట్టుకొచ్చి ఆమె పక్కనే ఊడుస్తూ, "మీరు కంకరని చూశారు, కంకరకే వచ్చారు," అన్నారు. "వెళ్లాల్సిన చోటుని చూడాలి."

"మరి మీరేం చూశారు మాష్టారూ?"

"నేను కప్పని చూశాను."

మినెకో కారు అమ్మలేదు. ఇంత పెద్దాయనే పడుతుంటే తనెంత అనుకుంది. వేసవంతా అదే వరస. ఆమె పడటం, వెనకే ఆయన పడటం. ఒకసారి సీతాకోకచిలుక. ఒకసారి ఎవరి అన్నం డబ్బా మూతో తళుక్కుమని కంట్లో కొట్టడం. ఒకసారి చొక్కా కాలరు. ఆ కాలరుకి గంజి పెట్టింది తానేనని, అది గుచ్చుకునే రకం కాదని ఫుసాయె గారు గట్టు మీద లేచి నిలబడి వాదించారు. మినెకో పడటం తగ్గింది. ఆయన పడటం మాత్రం తగ్గలేదు. ఆమె కాకపోతే ఆ వారం కొత్తగా వచ్చిన ఇంకెవరి వెనకో పడేవారు. మాష్టారికి కారు సిద్ధం చెయ్యడం వచ్చుగాని నడపడం రాదని మినెకో నిర్ణయానికొచ్చింది. జాలిపడి సలహాలు కూడా మొదలుపెట్టింది.

"చూపు, మాష్టారూ. చూపు ముఖ్యం."

"చిత్తం," అనేవారాయన వినయంగా.

ఆకులు ఎర్రబడ్డాయి. కొండ పైన ఇంకో ట్రాక్ ఉంది. పొడుగాటి మలుపులు ఒకదాంట్లోంచి ఒకటి పుట్టుకొస్తాయి. దాని మీదికి వెళ్లాలంటే కింద రెండు మలుపుల్ని ఒకే జారుడుగా కలిపి హొరికావాకి చూపించాలి. మంచు పడితే ట్రాక్ మూసేస్తారు. మంచు కరిగేలోగా మినెకోని సముద్రం పక్క డిపోకి మార్చేస్తున్నారు. అక్కడ కొండా లేదు, మలుపూ లేదు, సోమవారమూ సెలవు లేదు. చూపిస్తే ఆ చివరి సోమవారమే చూపించాలి.

మినెకో చూపించింది. మొదటి మలుపుకి ముందు కారును కాస్త బయటివైపుకి ఊపి, చేతి బ్రేకు లాగి వదిలింది. వెనక భాగం పక్కకు తిరిగింది. స్టీరింగ్ ఆమె అరచేతుల్లోంచి జారి దానంతటదే తిరిగి, ఇక చాలన్నట్టు ఆగిన చోట పట్టుకుంది. కాలు లేవలేదు. మలుపు అయిపోతుండగా కారు ఒక క్షణం తిన్నగా తేలి రెండో వైపుకి వాలింది. ఆమె కళ్లు అప్పటికే మూడో మలుపు దగ్గరున్నాయి. టైర్ల పొగలోంచి బయటపడేసరికి హొరికావా, పై ట్రాక్‌కి వెళ్లొచ్చన్నట్టు, తెల్లజెండా ఎత్తి నిలబడ్డాడు. ముసలమ్మలు కప్పులెత్తారు. "చుక్క ఒలకలేదే తల్లీ!"

పై ట్రాక్ ఎక్కే ముందు, నేర్పినవాళ్ల పక్కన కూర్చుని కింది ట్రాక్‌ని చివరిసారి చుట్టి రావడం అక్కడి ఆనవాయితీ. మినెకో హెల్మెట్ గట్టిగా బిగించుకుని తోకుజి గారి పక్కన కూర్చుంది. కంకరలో పడతామని తెలుసు కాబట్టి బెల్టు కూడా ఇంకోసారి లాగి చూసుకుంది.

పడలేదు. మొదటి మలుపులో కారు పక్కకు తిరిగి, అలాగే రెండో మలుపులోకి, అలాగే మూడో దాంట్లోకి పోయింది. అంచునున్న తెల్లగీతను వెనక టైరు ఒరుసుకుంటూ, కత్తి చెంప మీద పోయినట్టు పోయింది. తోకుజి గారు ఈలోగా చలికాలం బస్సులో కాళ్లకు వేడి తగులుతుందా లేదా అని అడుగుతున్నారు. మినెకో ఆయన చేతుల్నే చూసింది. ఈయన కప్పకు భయపడి తిరిగిపోయిన మనిషా?

ముందు ఒక చిన్న తెల్లకారు గిరగిరా తిరిగి కంకరలో పడింది. ఎర్రజెండా లేచింది. అందులోంచి పోస్టాఫీసు కుర్రాడు సవాకి దిగాడు. ఆ రోజే మొదటిసారి వచ్చాడు. చీపురు పట్టుకుని, గట్టు మీది నవ్వులు వినపడనట్టు తల దించుకుని నిలబడ్డాడు.

తోకుజి గారు నెమ్మదించారు. అద్దంలో వెనక ఎవరూ లేరని చూసుకున్నారు. పక్కకు చూసి స్థలం కొలుచుకున్నారు. తర్వాత, తిన్నగా ఉన్న దారి మీద, ఏ కారణమూ లేకుండా చేతి బ్రేకు లాగేశారు.

ప్రపంచం ఒక చుట్టు తిరిగింది. కంకర దడదడా కొట్టింది. దుమ్ములో కారు ఆగింది.

"మాష్టారూ," అంది మినెకో. "వేసవంతా?"

"ఏం వేసవి? దిగండి, దిగండి. కార్లన్నీ ఆగిపోయాయి మనకోసం."

"నేను మీకు చూపు గురించి పాఠం చెప్పాను."

"మంచి పాఠం. నాకు పనికొచ్చింది."

ఆమె గట్టు వైపు చూసింది. ఫుసాయె గారు టీ పోసుకుంటున్నారు, ఇదంతా మామూలే అన్నట్టు. హొరికావా అప్పటికే రెండు చీపుర్లు చంకలో పెట్టుకుని తాపీగా నడిచొస్తున్నాడు. అందరికీ తెలుసు. కప్పని నమ్మింది, ఈ ట్రాక్ పుట్టినప్పటి నుంచీ, కొత్తగా వచ్చినవాళ్లొక్కరే.

"థాంక్స్ చెప్పాలి మాష్టారూ, నేను..."

"నురగ ఆరిపోతుందమ్మా, కానివ్వండి," అని ఆయన దిగిపోయారు.

సవాకి కళ్లు పెద్దవి చేసుకుని చూస్తున్నాడు. "మాష్టారూ! మీరు కూడానా? ఏమైంది?"

గట్టంతా చెవులు రిక్కించింది. తోకుజి గారు నోరు తెరిచారు. ఆకాశం వైపు చూశారు, మేఘం లేదు. నేల వైపు చూశారు, ఆ చలికి పురుగన్నది బతికిలేదు. పక్కనే మినెకో నిలబడి తన మొహంలోకే చూస్తోంది. సంగతి తెలిసి అంత దగ్గర్నుంచి కళ్లలోకి చూస్తున్న మనిషి ముందు అబద్ధమాడటం ఆయనకు అలవాటు లేదు.

"నేను తుమ్మాను," అంది మినెకో, హొరికావా దగ్గర చీపురందుకుంటూ. గట్టు మీద ముసలమ్మలకు కూడా వినపడేలా. "ఆయన చెవిలోనే, ఠప్పున. అంతే, తిరిగిపోయింది."

గట్టు ఘొల్లుమంది. సవాకి కూడా, పాపం ఆపుకోలేక, చీపురు మీద వాలిపోయి నవ్వాడు.

"చూశావా నాయనా!" తోకుజి గారికి ప్రాణం లేచొచ్చింది. కుర్రాడి పక్కన చేరి ఊడవడం మొదలుపెట్టారు. "తప్పు నాది కాదు. అది సరేగాని, నువ్వు ఇందాక కంకరని చూశావు కదూ?"