మేకుల తాత, రంగునీళ్ళు, మా చూలై మిద్దె

ఆ రోజుల్లో ఇంట్లో ఏదైనా పాడైతే ముందు వీధిలో చెప్పుకునేవాళ్ళం. కొళాయి కారుతోందంటే ఎదురింటాయన వచ్చి చూసి, తల పంకించి, వాళ్ళింట్లో కొళాయి ఎప్పుడెప్పుడు ఎలా కారిందో వివరంగా చెప్పి, కాఫీ తాగి వెళ్ళేవాడు. కారడం ఆగేది కాదు గాని మనసుకి కాస్త ధైర్యంగా ఉండేది. తొంభైల చివర్లో మద్రాసులో మా చూలైకి దగ్గర్లోనే బ్రౌజింగ్ సెంటర్ ఒకటి తెరిచారు. దాంతో ఈ చెప్పుకునే జబ్బు నాకు దేశాంతరాలకు పాకింది. అప్పుడప్పుడే అంబత్తూరు ఎస్టేట్‌లో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో ఉద్యోగం దొరికింది. సాయంత్రం బస్సు దిగి ఇంటికి పోకుండా నేరుగా ఆ ఏసీ గదిలోకి దూరేవాణ్ణి. ఫోను లైను కాసేపు గీపెట్టి, ఇంకాసేపు మూలిగి, చివరికి కలిసేది. అందరూ వెళ్ళి చూసేవి వేరు. నాకు మాత్రం ఎక్కడో ఒక సైట్ దొరికింది. తమ ఇళ్ళు తామే కట్టుకుని, తామే బాగుచేసుకునే వాళ్ళంతా అక్కడ చేరి ఒకరికొకరు చెప్పుకునేవారు. ఒకాయన వంటిల్లు మార్చుకుంటూ ఫోటోలు పెట్టేవాడు. ఆ ఫోటో పైనుంచి కిందికి ఒక్కో గీతగా దిగేది. కప్పు కనబడి, కిటికీ సగం దాకా వచ్చేసరికి డబ్బు కట్టిన నా గంట అయిపోయేది. ఆ వంటింట్లో పొయ్యి ఎక్కడ పెట్టాడో నాకు ఇప్పటికీ తెలియదు.

అంత ఆరాటం ఎందుకంటే, అడగడం నాకు పుట్టుకతో వచ్చిన రోగం. "వీడికి ఉగ్గుతోపాటు 'ఎందుకు' అనే మాట కూడా పోసినట్టుండారు" అనేది మా పెద్దమ్మ. నాయనకి అన్నగారి భార్య ఆమె. పెదనాయన పోయాక కూడా మా ఇంట్లోనే, వెనక గదిలోనే ఉండేది. మా అమ్మ నాయనతో పాటు అంగట్లో కూర్చునేది కాబట్టి నన్ను పెంచిందీ, నా ప్రశ్నలకు తోచిన జవాబు చెప్పిందీ పెద్దమ్మే. (ఉరుము ఎందుకు ఉరుముతుందంటే "పైనోళ్ళు మంచాలు జరుపుతాండారు" అని చెప్పింది. ఇంజనీరింగ్ డిప్లొమా అయ్యాక కూడా నాకు అదే సబబుగా తోచేది.) నేను బ్రౌజింగ్ సెంటర్ నుంచి రాగానే అన్నం వడ్డిస్తూ, "ఏమిరా, ఏం చెప్తాండారు నీ దేశాలోళ్ళు?" అని అడిగేది. ఫలానా దేశంలో ఒకావిడ తానే గోడ కట్టుకుందంటే, "తలుపు పెట్టుకునిందా మరిచిపోయిందా కనుక్కో" అనేది.

మాది పాతకాలపు మిద్దె. కింద టేకు దూలాలు, వాటి మీద అంచున నిలబెట్టిన ఇటుకలు, పైన ఇటుక ముక్కలూ సున్నమూ కలిపి బాదిన గచ్చు. ఆ సున్నంలో కరక్కాయ నానబెట్టిన నీళ్ళూ బెల్లం నీళ్ళూ పోసేవారట. ఎండాకాలంలో చల్లగా ఉండేది. వానాకాలంలోనూ చల్లగానే ఉండేది, ఎందుకంటే కారేది. కారేది కూడా సరిగ్గా పెద్దమ్మ మంచం మీదే. ఏటా దీపావళి వానలకు ఆమె మంచం ఇటు జరిపేది, కారడం కూడా ఇటు జరిగేది. నాయన ఏటా "చూస్తాంలే" అనేవాడు. మా నాయన "చూస్తాంలే" అన్నాడంటే ఆ పని మీద ఆశ వదులుకోవచ్చని ఇంటిల్లిపాదికీ తెలుసు.

ఆ ఏడు దసరాకి గదులకు సున్నం వేయించిన వెంటనే తొలి వాన కొట్టి, పెద్దమ్మ పరుపు ముద్దయింది. మర్నాడు పొద్దున్నే, నేను ఆఫీసుకు బయల్దేరేలోపే, అంబత్తూరు నుంచి ఆమె తమ్ముడు వచ్చాడు. ఆయన కొత్తగా ఇల్లు కట్టుకున్నాడు. ఏ మాట మొదలుపెట్టినా కాంక్రీటు దగ్గరికే చేర్చేవాడు గనక మేం చాటుగా కాంక్రీటు మామ అనుకునేవాళ్ళం. పరుపు పిండి చూసి, "ఇది ఇల్లా జల్లెడా అక్కా? మా ఇంట్లో ఒక్క చుక్క పడితే నా పేరు మార్చుకుంటా. నీకు గది ఉండాది, ఫ్యాన్ ఉండాది. ఆదివారం టాక్సీ తెస్తా. పెట్టె సర్దిపెట్టుకో. అవ్వళవుదాన్, అంతే, ఇంక మాట లేదు" అన్నాడు. నాయన ఏదో అనబోయి పైకప్పు వంక చూసి ఊరుకున్నాడు. పెద్దమ్మ ఆ పరుపు లాక్కెళ్ళి వసారాలో ఆరేసింది. సాయంత్రం నేను వచ్చేసరికి మంచం పక్కన ఆమె ట్రంకుపెట్టె తెరిచి ఉంది.

వెంటనే పరుగెత్తి దేశాలవాళ్ళకు మొర పెట్టుకున్నాను. "మా ఇంటి కప్పు కారుతోంది. ఆదివారం లోపల ఆపకపోతే మా పెద్దమ్మ వెళ్ళిపోతుంది. ఆమె లేకపోతే ఆ ఇంట్లో నాకు బాగుండదు." ఇంగ్లీషు కాబట్టి ఆ చివరి ముక్క సులువుగా వచ్చేసింది. తెలుగులో అయితే చెయ్యి ఆడేది కాదు. మర్నాటికి జవాబులు వచ్చాయి. ఒకాయన కప్పు మీద మంచు ఎంత లోతుందో కొలిచి చెప్పమన్నాడు. ఇంకొకాయన ఊడిన రేకులు మార్చమన్నాడు. మా కప్పు అలాంటిది కాదని, దూలాలూ ఇటుకలూ సున్నమూ కరక్కాయా బెల్లమూ అన్నీ వరసగా రాశాను. "నువ్వు చెప్పేది కప్పు గురించా, కేకు గురించా?" అని ఒకావిడ. గుడ్డు కూడా వేస్తారా అని ఇంకొకరు. కొందరు తెల్లసొన వేసేవారని విన్నాను అని నిజాయితీగా రాశాను. దాంతో ఇంకో రెండు పూటలు ఆ వంటకం మీదే చర్చ నడిచింది. శనివారం వచ్చేసింది, మా కప్పు సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు.

పట్టించుకున్నది ఒక్క మేకుల తాత. పేరు తెలియదు. సంతకం స్థానంలో మేకు బొమ్మ ఒకటి ఉండేది. నిదానంగా, తాతలా రాసేవాడు గనక తాత అనుకున్నాను. ఏదో చలిదేశం. "బాబూ, నీళ్ళు పడేచోటే కన్నం ఉండాలని లేదు. ఎక్కడో దూరి, లోపల నడిచి, ఇంకెక్కడో దిగుతాయి. రంగు కలిపిన నీళ్ళు కప్పు మీద ఒక్కోచోట పోసి, కాసేపు ఆగి, కింద చూడు. రంగు దిగితే కన్నం అక్కడే" అని రాశాడు. చివర్న ఇంకో ముక్క. "అది సరే గాని, మీ పెద్దమ్మని ఉండమని అడిగావా?" ఈ తాతకి కాస్త మతి తక్కువేమో అనుకున్నాను. మా ఇళ్ళలో అలాంటి మాటలు ఎవరు అడుగుతారు? అన్నం తిన్నావా అని అడుగుతాం, అందులో అన్నీ వచ్చేస్తాయి.

ఆదివారం పొద్దున్నే రంగు కోసం ఇల్లంతా వెతికాను. మా ఇంట్లో ఎప్పుడూ ఉండే రంగు పసుపు. అమ్మ డబ్బా మొత్తం బక్కెట్లో బోర్లించి మిద్దె ఎక్కాను. నాయన పళ్ళు తోముకుంటూ చూసి, "ఏందిరా, మిద్దెకు మంగళస్నానమా?" అన్నాడు. పిట్టగోడ పగుళ్ళ దగ్గర పోశాను, కిందికి పరుగెత్తి మెడ నొప్పెట్టేలా చూశాను, ఏమీ లేదు. నీళ్ళు పోయే తూము దగ్గర పోశాను, మళ్ళీ పరుగు, ఏమీ లేదు. ఇంక విసుగొచ్చి, మిగిలిందంతా టీవీ యాంటెన్నా స్తంభం మొదట్లో కుమ్మరించాను. (ఆ స్తంభం నాయన స్వహస్తాలతో గచ్చుకు కన్నం కొట్టి నాటినది. అందుకే దాన్ని అంతవరకూ ఎవరూ అనుమానించలేదు.) కిందికి వచ్చి చూశాను. కప్పు తెల్లగా, అమాయకంగా ఉంది. అంతలో వీధిలో టాక్సీ హారన్ మోగింది.

మామ లోపలికి వచ్చి, తెల్ల చొక్కా, తెల్ల పంచె సవరించుకుని పెద్దమ్మ మంచం మీద కూర్చున్నాడు. "కాఫీ తాగేసి బయల్దేరతాం" అన్నాడు. పెద్దమ్మ వంటింట్లోకి వెళ్ళింది. నేను తలుపు పక్కన నిలబడి ఆ ట్రంకుపెట్టె తాళం వంకే చూస్తున్నాను. టప్ అని చప్పుడైంది. మామ భుజం మీద ఒక చుక్క. ఎర్రగా ఉంది. ఇంకొకటి పడింది. ఆయన తలెత్తాడు, నేనూ తలెత్తాను. కొత్త సున్నం మీద ఎర్రటి చార ఒకటి దిగి, చివర చుక్క కట్టి వేలాడుతోంది.

"అక్కా, రగతం" అన్నాడు మామ.

నేను పోసింది పసుపు, దిగుతున్నది ఎరుపు. పైన దూలాల మధ్య ఏముందో, దేన్ని కదిలించానో తెలియలేదు. పెద్దమ్మ గ్లాసుతో వచ్చి, గ్లాసు కింద పెట్టి, తమ్ముడి భుజం మీది చుక్కని వేలితో అద్ది, రెండు వేళ్ళ మధ్య రుద్ది, వాసన చూసింది. తరవాత పైకి చూసింది. తరవాత పెట్టె వైపు చూసింది.

"రగతం గాదు, ఏం గాదు. ఎర్రనీళ్ళురా ఇవి" అంది.

(పసుపూ సున్నమూ నీళ్ళలో కలిపితే ఎర్రనీళ్ళవుతాయి. కొత్తకోడలు గడప తొక్కేటప్పుడు తీసేవి అవే, దిష్టి తీసేవీ అవే. చిన్నప్పటి నుంచి వందలసార్లు చూసినవాణ్ణే, సున్నం కప్పులో పసుపు పోసినప్పుడు మాత్రం ఆ సంగతి బుర్రకి తట్టలేదు.)

"నేను పెళ్ళికూతురుగా ఈ గడపలో కాలుపెట్టినప్పుడు మా అత్త ఇవే తీసింది. ఇప్పుడు పోతానంటే ఇల్లే తీస్తాండాది. ఇంత చెప్పినాక నేనెట్ట వచ్చేదిరా?"

"అక్కా, ఇల్లు ఎర్రనీళ్ళు తీసేది యాడన్నా ఉందా? వీడేదో చేసుంటాడు. వాడి చేతులు చూడు."

"చూసినా. వాడి చేతులు పసుపు. నీ చొక్కా ఎరుపు. కండ్లు కనబళ్ళేదా నీకు?"

మామ నా చేతులూ తన చొక్కా మార్చి మార్చి చూసుకున్నాడు. కాఫీ తాగి, చొక్కా నానబెట్టే విధానం అక్క దగ్గర చెప్పించుకుని, ఖాళీ టాక్సీలో వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు మాత్రం కప్పు వంక చూసి దండం లాంటిది ఒకటి పెట్టాడు.

యాంటెన్నా దొరికిపోయింది. తాపీపని చేసే కొత్తనారులను పిలుద్దామంటే, మా పేటలో మేస్త్రీలంతా కాంక్రీటు పనులకే పోతున్నారు, ఈ సున్నం పని ఎవరికీ పట్టదు. మేమే చేసుకున్నాం. నాయన తన స్తంభాన్ని తానే పీకాడు, ముఖం కాస్త మాడ్చుకుని. కరక్కాయ నానబెట్టిన నీళ్ళూ బెల్లం నీళ్ళూ పోసి, సున్నమూ ఇటుక ముక్కలూ కలిపి, ఆ కన్నంలో కూరి, నేనూ పెద్దమ్మా ఎదురెదురుగా కూర్చుని చెక్కలతో బాదడం మొదలుపెట్టాం. చూలైలో ఉన్న చీమలన్నీ బెల్లం వాసనకి మా మిద్దె ఎక్కాయి. జరిగిందంతా దేశాలవాళ్ళకి రాశాను. ఇటుకా సున్నమూ లేని కప్పులవాళ్ళు కూడా పసుపు కొని ప్రయోగాలు చేశారు. ఒకాయన కప్పు కింద పసుపు పసుపుగానే దిగి, మరక ఎంత తోమినా పోక, ఆయన భార్య నా చిరునామా అడిగిందని తెలిసి కొన్నాళ్ళు ఆ సైట్ వైపు పోలేదు.

మిద్దె మీద బాదుతుండగా పెద్దమ్మ మామూలుగానే అడిగింది.

"ఏమంటాండాడు నీ మేకుల తాత?"

"నువ్వు ఉన్నావా వెళ్ళావా అని అడిగాడు. కప్పు సంగతి తరవాత అడిగాడు."

ఆమె చెక్క ఆగింది. "నేను పోయేది ఆయనకెట్ట తెలుసు?"

"నేనే రాశాను."

"ఏమని?"

నేను సున్నం మీద చీమని ఒకదాన్ని శ్రద్ధగా పక్కకి జరిపాను. "నువ్వు లేకపోతే నాకు బాగుండదని."

పెద్దమ్మ చెక్క మళ్ళీ ఎత్తింది. "యాడో మంచులో ఉండే ముసలాయనకి చెప్పినావు. పక్క గదిలో ఉండేదానికి చెప్పేదానికి నోరు రాలేదే నీకు" అంది. కోపం లేదు గొంతులో. "ఆదివారం పొద్దున్నే పసుపు డబ్బా ఖాళీగా ఉండింది, మిద్దె మీద నీ పరుగులు వినబడినాయి. ఎందుకు పరుగెత్తతాండావో నాకు తెలియదా? పెట్టె సర్దినాను గాని, వద్దు అనే మాట ఈ ఇంట్లో ఎవరన్నా అంటారేమో అని చూస్తా ఉన్నా. ఎవరూ అనకపాయె. ఇల్లన్నా అనిందిలే అని పట్టుకున్నా. ఊఁ, బాదు, ఆరిపోతాంది."

బాదాను. కళ్ళలో సున్నం పడిందని చెప్పి రెండుసార్లు తుడుచుకున్నాను. ఆ వానలకి పెద్దమ్మ మంచం మీద చుక్క పడలేదు. వసారాలో నాయన పడకకుర్చీ మీద పడింది. ఆయన "చూస్తాంలే" అన్నాడు.

పెద్దమ్మ ఇప్పుడు లేదు, ఆ మిద్దె కూడా లేదు. నేనుండేది కాంక్రీటు ఫ్లాట్‌లో. మొన్న పైవాళ్ళ బాత్రూం నుంచి మా హాలులో చెమ్మ దిగింది. ఇప్పుడు ఇలాంటివి అడగడానికి సైట్లకి కొదవ లేదు, ఫోటోలు కిటికీ దాకానే కాదు, పొయ్యి దాకా క్షణంలో కనబడతాయి. నేను మాత్రం పైవాళ్ళని బతిమాలి పసుపునీళ్ళు పోయించాను. మరక దిగింది, ఉత్త పసుపుగా. ఎందుకో అది చూస్తూ నిలబడిపోయాను. తరవాత తాంబూలం పళ్ళెంలోంచి వేలికి కాస్త సున్నం రాసుకుని, స్టూలెక్కి దానికి అంటించాను. ఎర్రబడింది. మంచులో ఉన్న తాతకి ఊసులన్నీ చెప్పి, ఇంట్లో చీమల్ని జరుపుతూ కూర్చున్న ఆ పిల్లగాడు గుర్తొచ్చి నవ్వొచ్చింది.

"ఒక్కరే నవ్వుకుంటా ఉండారు, ఏంది కత?" అని పక్క గదిలోంచి మా ఆవిడ అడిగింది.

స్టూలు దిగి, ఆ గదిలోకి వెళ్ళి చెప్పాను.